అరువు తెచ్చుకున్న ఫిల్ము: లార్జ్ ఫార్మాట్ ఛాయాచిత్రణంలో ఎక్స్‌రే షీట్ల చరిత్ర

వ్యాససంగ్రహం

ఆసుపత్రుల కోసం తయారైన ఎక్స్‌రే ఫిల్మును పెద్ద కెమెరాలలో వాడడాన్ని చాలామంది చౌకబేరంగానో, దారి తప్పిన ప్రయోగంగానో చూస్తారు. ఈ అభిప్రాయం చారిత్రకంగా నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఛాయాచిత్రణం నుంచి వైద్యరంగం 1895లో గాజు ప్లేటును అరువు తీసుకుంది. కెమెరా ఫిల్ములు కాలక్రమంలో వదిలిపెట్టిన కొన్ని గుణాలు ఎక్స్‌రే గదిలో మరో శతాబ్దం పాటు నిలిచి ఉన్నాయి. ఆ గుణాలు ఏవి, అవి ఏ కారణాల వల్ల నిలిచాయి, వాటి పరిశీలన తెలుగు ప్రాంతపు పాత ఛాయాచిత్రాలను చదవడానికి ఎంతవరకు తోడ్పడుతుంది అన్నవి ఇక్కడి చర్చనీయాంశాలు.

కీలకపదాలు: షీట్ ఫిల్మ్, ఎక్స్‌రే ఫిల్మ్, గాజు నెగటివ్, ఆర్థోక్రొమాటిక్, లిథ్ ఫిల్మ్, కాంటాక్ట్ ప్రింట్, ఛాయాచిత్ర భాండారాలు.

ఉపోద్ఘాతం

మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టిన చెక్క కెమెరా, దాని వెనుక నల్లగుడ్డ కప్పుకొని తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకునే ఫొటోగ్రాఫరు తెలుగు పట్టణాల పాత స్టూడియోలలో పరిచితమైన దృశ్యం. ఈ కెమెరాలో చుట్టఫిల్ము ఉండదు. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పలకను చీకటిలో హోల్డరులో అమర్చుకోవాలి. ఆ పలక తొలినాళ్లలో కాగితం, తరువాత గాజు, ఆ తరువాత సెల్యులాయిడ్, నేడు పాలియెస్టర్. 4×5 అంగుళాలు మొదలుకొని 8×10, 11×14 అంగుళాల వరకు విస్తరించే ఈ పరిమాణాలను కలిపి లార్జ్ ఫార్మాట్ అంటారు. నెగటివు ఎంత పెద్దదైతే కాగితంతో తాకించి తీసే కాంటాక్ట్ ప్రింటు అంత పెద్దది. ప్లాటినం, సయనోటైప్, ఉప్పు కాగితం వంటి పాత ముద్రణ పద్ధతులు మందకొడివి. ఎన్‌లార్జరు దీపపు కాంతికి అవి చాలినంతగా స్పందించవు. కనుక ఆ పద్ధతులను అనుసరించేవారికి పెద్ద నెగటివు అవసరమే గాని విలాసం కాదు.

డిజిటల్ కెమెరాల రాకతో ఫిల్ము గిరాకీ పడిపోయిన 2000 తరువాతి కాలంలో ఈ అవసరానికి పెద్ద చిక్కు వచ్చింది. షీట్ ఫిల్ము రకాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పోలరాయిడ్ సంస్థ తక్షణ ఫిల్ముల తయారీని 2008లో విరమించింది. ఎఫ్కే పేరుతో పాతకాలపు ఫిల్ములను అందించిన క్రొయేషియాలోని ఫోటోకెమికా కర్మాగారం 2012లో ఆ ఉత్పత్తిని ఆపివేసింది. మిగిలిన రకాల ధరలు పెరుగుతూ పోయాయి. ఈ పరిస్థితిలో పెద్ద కెమెరాల వాడకందార్ల దృష్టి ఎక్స్‌రే షీట్ల మీద పడింది. అవి 8×10, 10×12, 14×17 అంగుళాల కొలతలలో, నూరేసి షీట్ల పెట్టెలలో, కెమెరా ఫిల్ము కంటె అనేక రెట్లు తక్కువ ధరకు దొరికేవి. వాటిలో 8×10 షీటు హోల్డరులో నేరుగా ఇమిడిపోయింది. ఇంతవరకు ఇది ఆర్థిక కారణం. అయితే ఆ ఫిల్ము కెమెరాలో అసలు ఎందుకు పనిచేసింది? ఎముకలను చూపడానికి తయారైనది ముఖాన్ని ఎందుకు చూపగలిగింది? జవాబు కోసం వెనక్కి వెళ్లాలి.

కాగితం, గాజు

నెగటివు నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చునన్న సూత్రం విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1841లో పేటెంటు పొందిన కేలోటైపుతో స్థిరపడింది. ఆయన వాడినది మామూలు వ్రాతకాగితం. అంటే ఛాయాచిత్రణంలో తొలి నెగటివు కూడ మరో వృత్తి నుంచి తెచ్చుకున్న వస్తువే. కాగితపు పీచు బొమ్మలో కనబడకుండా ఉండేందుకు ముందుగానే మైనం పట్టించే పద్ధతిని ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1851లో ప్రకటించాడు.

ఉష్ణదేశాలకు ఈ మైనపు కాగితం బాగా సరిపోయింది. కలోడియన్ పూసిన గాజును తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తీసి, కడగాలి. మద్రాసు ఎండలో ఆ తడి నిలిచేది కొద్ది నిమిషాలే. మైనపు కాగితాలను ముందురోజే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన లీనియస్ ట్రైప్ 1857-58 సంవత్సరాలలో దక్షిణదేశ దేవాలయాలను చిత్రించినప్పుడు పెద్ద కాగితపు నెగటివులపై ఆధారపడ్డాడు. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం మీది శాసనాలను 21 ప్రతులుగా తీసి, అతికించి, సుమారు 19 అడుగుల పొడవు గల ఒకే చిత్రంగా కూర్చాడు. వాల్టర్ ఇలియట్ అమరావతి నుంచి మద్రాసుకు తరలించిన శిల్పఫలకాలను లండను నావ ఎక్కకముందు 1858లో చిత్రించినవాడు కూడ ట్రైపే. కృష్ణాతీరపు శిల్పాలకు దక్కిన తొలి ఛాయాచిత్ర సాక్ష్యాలలో ఒకటి ఈ విధంగా ఏర్పడింది.

రిచర్డ్ లీచ్ మాడక్స్ 1871లో సూచించిన జెలటిన్ పూత గాజు ప్లేటును తడి నుంచి విముక్తం చేసింది. కర్మాగారాలలో తయారై పెట్టెలలో వచ్చే పొడి ప్లేట్లు ఆ దశకం చివరికి బజారులోకి వచ్చాయి. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొందిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) వృత్తిజీవితం ఈ రెండు యుగాల మీదుగా సాగింది. ఆయన గాజు నెగటివులు 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

పొడి ప్లేటు గుణాలలో రెండింటిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. మొదటిది, సిల్వర్ బ్రోమైడ్ సహజంగా నీలం, ఊదా, అతినీలలోహిత కాంతులకే స్పందిస్తుంది. ఆకుపచ్చకు స్పందన అత్యల్పం, ఎరుపుకు శూన్యం. హెర్మన్ ఫోగెల్ 1873లో కొన్ని రంగుద్రవ్యాలు కలిపి ఈ పరిధిని ఆకుపచ్చ దాక పెంచవచ్చునని కనుగొన్నాడు. అలా పుట్టినవి ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు. ఎరుపును కూడ చూడగల పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో ఇంగ్లండులోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ ద్వారా అమ్మకానికి వచ్చాయి. రెండవ గుణం హాలేషన్. పూతను దాటిపోయిన కాంతి గాజు వెనుక తలం నుంచి పరావర్తనం చెంది తిరిగి పూతను తాకుతుంది. దీపం చుట్టూ, కిటికీ అంచుల వెంట కనబడే తెల్లని వలయం దీని ఫలితం. తరువాతి కెమెరా ఫిల్ములు వెనుకవైపు కాంతిని పీల్చే రంగుపూతతో దీనిని నివారించాయి.

వైద్యం తీసుకున్న అప్పు

1895 డిసెంబరు 22న విల్‌హెల్మ్ రాంట్‌గెన్ తన భార్య చేతిని ఛాయాచిత్రపు ప్లేటు మీద ఉంచి ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసినప్పుడు ఆ ప్లేటు వైద్యం కోసం తయారైనది కాదు. అది ఏ స్టూడియోలోనైనా ఉండదగినదే. ఎక్స్‌రే చరిత్ర అరువు ప్లేటుతో మొదలైందన్న ఈ చిన్న వాస్తవాన్ని ఫిల్ము చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు.

ఆ అరువు సరుకుకు లోపమొకటి వెంటనే బయటపడింది. ఎక్స్‌కిరణాలలో అత్యధిక భాగం పలుచని పూతను తాకకుండానే దాటిపోతుంది. అందువల్ల రోగిని చాలాసేపు కిరణాల కింద ఉంచవలసి వచ్చేది. 1896లోనే దీనికి విరుగుడు దొరికింది. కాల్షియం టంగ్‌స్టేట్ అనే పదార్థం ఎక్స్‌కిరణాలు తగిలితే నీలికాంతిని వెదజల్లుతుందని థామస్ ఎడిసన్ ప్రయోగశాల గుర్తించింది. ఆ పదార్థం పూసిన తెరను ప్లేటుకు ఆనించి మైకేల్ ప్యూపిన్ న్యూయార్కులో చిత్రం తీశాడు. ఇంటెన్సిఫయింగ్ స్క్రీన్ అనే ఈ తెర ఎక్స్‌రే పద్ధతిని మౌలికంగా మార్చింది. ఇక ప్లేటు మీద బొమ్మను ఏర్పరచేది ప్రధానంగా ఎక్స్‌కిరణం కాదు. తెర వెదజల్లే నీలి వెలుగు.

ఈ వ్యాసపు వాదం ఆధారపడేది ఈ అంశం మీదనే. తెరతో జతపరచి వాడే ఎక్స్‌రే ఫిల్ము పేరుకు ఎక్స్‌రేదైనా స్వభావం చేత కంటికి కనబడే కాంతిని పట్టే ఫిల్ము. దానిని కెమెరాలో పెట్టడం దాని స్వభావానికి విరుద్ధమైన పని కాదు.

మొదటి ప్రపంచయుద్ధం గాజును దూరం చేసింది. అమెరికా తయారీదార్లు వాడే ప్లేటు గాజు అధికభాగం బెల్జియం నుంచి వచ్చేది. 1914లో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించడంతో సరఫరా తెగిపోయింది. యుద్ధరంగపు ఆసుపత్రులకు ఎక్స్‌రేల అవసరం మాత్రం ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ సెల్యులోజ్ నైట్రేట్ ఆధారం మీద ఎక్స్‌రే ఫిల్మును తయారుచేసి, 1918లో రెండు వైపులా పూత గల రకాన్ని ప్రవేశపెట్టింది. గాజుకు రెండు వైపులా పూత పెట్టడం లాభసాటి కాదు. పలుచని ఫిల్ముకు సాధ్యం. ముందొక తెర, వెనుకొక తెర, నడుమ రెండు పూతల ఫిల్ము. ఒక్కొక్క పూతను దాని పక్కనున్న తెర వెలిగిస్తుంది. రోగి మీద పడే కిరణాల మోతాదు దాదాపు సగానికి తగ్గింది. రోగి క్షేమం కోసం చేసిన ఈ ఏర్పాటే తొంభై ఏళ్ల తరువాత కెమెరాలో ఫిల్ము పెట్టినవారికి తలనొప్పి అయింది.

నైట్రేట్ ఆధారానికి ఉన్న ప్రమాదం మరొకటి. అది అంటుకుంటే దహనానికి కావలసిన ఆక్సిజనును తానే సమకూర్చుకుంటుంది. నీటిలో ముంచినా ఆరదు. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నేలమాళిగలో నిలవచేసిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకున్నాయి. 123 మంది మరణించారు. మంటల కంటె, భవనమంతా అలముకున్న విషవాయువులే ఎక్కువమందిని బలిగొన్నాయి. అసిటేట్ ఆధారం గల సేఫ్టీ ఫిల్ము 1924 నుంచే అమ్మకంలో ఉన్నా, ధర, అలవాటు కారణంగా ఆసుపత్రులు పాతదానినే కొనసాగించాయి. ఈ దుర్ఘటన తరువాత నైట్రేట్ ఎక్స్‌రే ఫిల్ము త్వరగా కనుమరుగైంది. ఆనాటి నెగటివులు ఏ భాండారంలో ఉన్నా వాటిని వేరుగా, చల్లగా నిలవ చేయడం ఇప్పటికీ తప్పనిసరి.

తరువాతి మార్పులు క్లుప్తంగా: 1930లలో చూసేవారి కంటికి హాయిగా ఉండేందుకు ఆధారానికి లేతనీలి ఛాయ కలిపారు, 1960లలో పాలియెస్టర్ ఆధారం వచ్చింది. అంతకంటె ముఖ్యమైన మార్పు 1970లలో జరిగింది. గాడోలినియం వంటి అరుదైన మృత్తిక మూలకాలతో చేసిన కొత్త తెరలు ఎక్స్‌కిరణాలను మరింత సమర్థంగా కాంతిగా మార్చాయి. అయితే అవి వెదజల్లేది ప్రధానంగా ఆకుపచ్చ కాంతి. నీలికాంతికి మాత్రమే స్పందించే ఫిల్ము దీనికి చాలదు. అందుచేత తయారీదార్లు ఎక్స్‌రే పూతలో ఫోగెల్ నాటి సూత్రం ప్రకారం రంగుద్రవ్యాలు కలిపి దానిని ఆర్థోక్రొమాటిక్ చేశారు. కెమెరా ఫిల్ము పాంక్రొమాటిక్‌గా మారిన చాలా దశాబ్దాలకు ఎక్స్‌రే ఫిల్ము 1880ల నాటి ఆర్థో దశకు చేరింది. అక్కడినుంచి ముందుకు సాగవలసిన అవసరం దానికి కలగలేదు. ఎరుపును చూడలేకపోవడం ఎక్స్‌రే గదిలో లోపం కాదు, సౌకర్యం. సిబ్బంది ఎర్రదీపం వెలుగులో ఫిల్మును క్యాసెట్టులో నింపుకోగలరు.

ఈ క్రమాన్ని బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. ఎక్స్‌రే గది ఛాయాచిత్రణపు పాత గుణాలను ఎవరి సంకల్పమూ లేకుండానే భద్రపరిచింది. నీలి రకం ఎక్స్‌రే ఫిల్ము మాడక్స్ అనంతరపు సాధారణ ప్లేటుకు వారసురాలు; ఆకుపచ్చ రకం ఆర్థో ప్లేటుకు వారసురాలు.

కెమెరాలోకి తిరుగు ప్రయాణం

అప్పు తిరిగి చెల్లినప్పుడు వస్తువు తీసుకున్ననాటి రూపంలో లేదు. రెండు పూతలు, తీవ్రమైన కాంట్రాస్టు, మెత్తని జెలటిన్ దానితో పాటు వచ్చాయి.

మొదట రెండు పూతల సంగతి. కటకం నుంచి వచ్చిన కాంతి ముందు పూత మీద పదునైన బొమ్మను ఏర్పరుస్తుంది. మిగిలిన కాంతి సుమారు 0.18 మిల్లీమీటర్ల ఆధారాన్ని దాటి వెనుక పూత మీద రెండవ బొమ్మను వేస్తుంది. ఏటవాలుగా వచ్చే కిరణాల వల్ల ఆ రెండవ బొమ్మ కొంచెం పక్కకు జరిగి, కొంచెం మసకగా ఉంటుంది. రెండూ కలిసినప్పుడు అంచుల పదును తగ్గుతుంది. 8×10 నెగటివు నుంచి కాంటాక్ట్ ప్రింటు తీస్తే ఇది కంటికి అంతగా ఆనదు. 4×5 ముక్కను పెద్దది చేస్తే ఆనుతుంది. కొందరు ప్రయోగకర్తలు దీనికి విచిత్రమైన పరిష్కారం కనుగొన్నారు. కడిగి ఆరిన నెగటివును గాజుకు అంటించి, పైవైపు పూతను బట్టలు తెల్లబరచే బ్లీచింగ్ ద్రావణంతో కరిగించి తీసివేస్తారు. సగం బొమ్మను చెరిపి మిగతా సగాన్ని పదును పెట్టుకోవడం అన్నమాట. హోల్డరులో ఏ వైపు పెట్టాలన్న సందేహం మాత్రం రెండు పూతల ఫిల్ముతో ఉండదు. చీకటిలో తడుముకొని పొరపాటు పడినవారికి అది తక్కువ ఓదార్పు కాదు.

రొమ్ము పరీక్షల కోసం 1970లలో తయారైన మామోగ్రఫీ ఫిల్ముకు ఈ చిక్కు లేదు. సూక్ష్మవివరాలు అవసరం కనుక దానికి ఒకే వైపు పూత, వెనుక హాలేషన్ నివారక పొర ఉంటాయి. తెరల మీది బొమ్మను నమోదు చేయడానికి తయారైన ఎక్టాస్కాన్ బి/ఆర్‌ఏ రకం కూడ ఇటువంటిదే. పెద్ద కెమెరాల వాడకందార్లు వీటిని వెదకి తెచ్చుకోవడం వెనుక ఈ కారణం ఉంది.

కాంట్రాస్టు వ్యవహారం మరింత లోతైనది. దేహంలో కండకు, కొవ్వుకు, నీటికి నడుమ ఎక్స్‌కిరణాలు చూపే తేడా స్వల్పం. ఆ స్వల్పభేదాన్ని వైద్యుడికి స్పష్టపరచేందుకు ఎక్స్‌రే ఫిల్మును తీవ్రమైన కాంట్రాస్టుతో రూపొందిస్తారు. సగటు వాలు 2.5 నుంచి 3 దాక ఉంటుంది. మామూలు నెగటివు ఫిల్ముకు అది 0.6 దరిదాపుల్లో ఉంటే చాలు. ఎండలో నిలిచిన గోపురం, దాని నీడలోని ద్వారం ఒకే చిత్రంలో పట్టదలిస్తే ఈ ఫిల్ము ఒకదానిని మాడ్చి మరొకదానిని ముంచుతుంది. ఛాయాగ్రాహకులు డెవలపరును బాగా పలచన చేసి, కదలిక తగ్గించి, కాలాన్ని కుదించి దీనిని అదుపు చేస్తారు. రోడినాల్ వంటి డెవలపరును ఒక పాలుకు నూరు పాళ్ల నీటిలో కలపడం పరిపాటి. అయితే లోపం అన్నిచోట్లా లోపం కాదు. ప్లాటినం, ఉప్పు కాగితం ముద్రణలకు గట్టి కాంట్రాస్టు గల నెగటివే కావాలి. మామూలు ఫిల్మును ఆ స్థాయికి తేవడానికి ఎక్కువసేపు కడగవలసి వస్తే, ఎక్స్‌రే ఫిల్ము ఆ స్థాయిలోనే మొదలవుతుంది.

ఇక జెలటిన్ మెత్తదనం. దీని మూలం యంత్రంలో ఉంది. 1956లో కొడాక్ సంస్థ రోలర్ల మీద ఫిల్మును నడిపే ఎక్స్-ఓమాట్ యంత్రాన్ని తెచ్చింది. 1965 నాటికి 90 సెకన్లలో పొడి ఫిల్ము చేతికి వచ్చే స్థితి ఏర్పడింది. రోలర్ల ఒత్తిడికి పూత చెదరకుండా గ్లూటరాల్డిహైడ్ అనే గట్టిపరచే పదార్థాన్ని డెవలపరులోనే కలిపారు. ఆ డెవలపరు లేకుండా పళ్లెంలో చేతితో కడిగితే పూత నానిన అటుకులా మెత్తబడుతుంది. గోరు తగిలినా గీత పడుతుంది. రెండు వైపులా పూత కనుక పళ్లెపు అడుగు కూడ గీతలు పెడుతుంది. అడుగున నున్నని గాజుపలక పరచి ఒక్కొక్క షీటునే కడగడం ఆచారమైంది. పాత ప్లేటు పనివారి ఓపికను ఫిల్ము ఈ విధంగా కొత్తవారి చేత మళ్లీ అభ్యసింపజేసింది.

ఓపికకు ప్రతిఫలం ఉంది. ఎర్రదీపం కింద బొమ్మ పైకి తేలడాన్ని చూస్తూ కడగవచ్చు. పాంక్రొమాటిక్ ఫిల్ముతో నిండు చీకటిలో గడియారాన్ని నమ్మిన చోట, ఇక్కడ కన్ను నిర్ణయిస్తుంది. ఫిల్ము వేగాన్ని కూడ ఇక్కడ ఒక అంకెతో చెప్పడం కుదరదు. పగటి వెలుగులో 50 నుంచి 100 వరకు లెక్కించే ఫిల్ము, ఎరుపు పాలు ఎక్కువైన బల్బు వెలుగులో, సాయంసంధ్యలో బాగా మందగిస్తుంది. కాంతిమాపకం ఎరుపును కూడ లెక్కవేస్తుంది, ఫిల్ము లెక్కవేయదు.

ముద్రణాలయం నుంచి వచ్చిన మరొక షీటు

లిథ్ ఫిల్ము కథ పొట్టిది. ఆఫ్‌సెట్ ముద్రణలో అక్షరాలను, చుక్కలుగా విడగొట్టిన బొమ్మలను ప్లేటు మీదికి ఎక్కించడానికి వాడిన ఫిల్ము ఇది. కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు తయారయ్యే పద్ధతి వచ్చేవరకు తెలుగు పత్రికల ముద్రణాలయాలలో నెగటివు, పాజిటివు అన్న మాటలు దీనినే సూచించేవి. దానికి కావలసింది నలుపు, తెలుపు మాత్రమే. నడిమి బూడిదరంగు కూడదు. అభివర్ధన జరిగే చోట పుట్టే పదార్థాలే పక్క రేణువుల అభివర్ధనను వేగిరపరచడం వల్ల ఈ తీవ్రత వస్తుందని జె.ఎ.సి. యూల్ 1945లో వివరించాడు. అంటువ్యాధిలా పాకుతుంది కనుక దానికి ఆ అర్థమిచ్చే పేరే నిలిచింది. పలచని మెత్తని డెవలపరుతో బూడిదరంగును రాబట్టవచ్చు గాని, వేగం పదికి అటూ ఇటూ పడిపోతుంది. నిశ్చలవస్తువులకు, పెద్ద నెగటివు ప్రతుల తయారీకి అది ఉపయోగపడింది. మనుషుల ముఖాలకు ఎక్స్‌రే ఫిల్మే మేలైనది.

కుంకుమ నలుపు

ఈ ప్రయోగాల ఫలితాలలో తెలుగు చరిత్రకారులకు అత్యంత ప్రయోజనకరమైనది రంగుల అనువాదం. ఎరుపును చూడలేని ఫిల్ము మీద కుంకుమబొట్టు నల్లని చుక్కగా పడుతుంది. పసుపు రాసిన ముఖం, పాదాలు ముదురుగా వస్తాయి. తాంబూలం పండిన పెదవులు నల్లబడతాయి. ఎర్ర అంచు నల్ల అంచు అవుతుంది. నీలిచీర తెల్లచీరలా వెలిసిపోతుంది. ఆకాశంలో మబ్బు ఉన్నా తేలదు. పాత కుటుంబచిత్రాలలో ముత్తవ్వల నుదుట కనిపించే నల్లబొట్టును చూసి అది కాటుక బొట్టో, సాదు బొట్టో అని ఊహించేవారున్నారు. నిజానికి ఆ నలుపు ప్లేటు చేసిన అనువాదమై ఉండే అవకాశమే ఎక్కువ.

బొట్టు విషయంలో ఈ పొరపాటు చిన్నది. చర్మపు రంగు విషయంలో అది చిన్నది కాదు. చర్మంలోని మెలనిన్, రక్తవర్ణకం నీలికాంతిని ఎక్కువగా పీల్చి, ఎరుపును ఎక్కువగా తిప్పిపంపుతాయి. నీలికి మాత్రమే స్పందించే పూత మీద ప్రతి చర్మమూ కంటికి కనిపించే దానికంటె ముదురుగానే పడుతుంది. గోధుమవర్ణపు చర్మంలో ఆ తేడా మరింత ప్రస్ఫుటం. 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ 468 ఛాయాచిత్రాలతో భారతీయులను జాతులుగా, కులాలుగా వర్గీకరించింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో తెలుగు సమూహాల వర్ణన విస్తారంగా ఉంది, దానికీ ఛాయాచిత్రాలు తోడయ్యాయి. వీటిని దేహలక్షణాలకు నిష్పాక్షిక సాక్ష్యంగా ఆనాటి అధికారులు భావించారు. సాక్ష్యమిచ్చిన రసాయనానికి ఎరుపు కనబడదన్న సంగతి ఆ వర్ణనలలోకి రాలేదు. కలోడియన్ యుగపు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ విషయంలో ఇది నిశ్చయంగా చెప్పదగినది. థర్‌స్టన్ కాలానికి ఆర్థో ప్లేట్లు కూడ వాడుకలో ఉన్నందున చిత్రం వెంట చిత్రం పరిశీలించవలసి ఉంటుంది.

ఎక్స్‌రే షీటు ఇక్కడ చరిత్రకారుడికి కొలబద్దగా పనికివస్తుంది. ఒకే మనిషిని, ఒకే పగటి వెలుగులో, ఒక పాంక్రొమాటిక్ షీటు మీద, ఒక నీలి ఎక్స్‌రే షీటు మీద, ఒక ఆకుపచ్చ ఎక్స్‌రే షీటు మీద చిత్రించి పక్కపక్కన పెడితే, పాత ప్లేటు చర్మాన్ని ఏ మేరకు ముదురుచేసి ఉంటుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పక్కన రంగుల పట్టీ ఒకటి ఉంచితే చీరల, నగల, బొట్ల అనువాదం కూడ దొరుకుతుంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే. కలోడియన్‌లో అయొడైడ్ పాలు ఎక్కువ, దాని స్పందన మరింత ఊదావైపు మొగ్గి ఉంటుంది. ఎక్స్‌రే పూత కాంట్రాస్టు తీవ్రత కూడ ఫలితాన్ని పెంచి చూపుతుంది. డెవలపరుతో ఆ తీవ్రతను ముందుగా తగ్గించకపోతే పోలిక తప్పుదారి పడుతుంది. ఈ పరిమితులను ఒప్పుకున్న తరువాత కూడ, ముద్రిత పుస్తకంలోని బొమ్మను చూసి వర్ణాన్ని ఊహించడం కంటె ఈ పద్ధతి ఎంతో నమ్మదగినది.

ఊటీ ఫిల్ము, మిగిలిన షీట్లు

భారతదేశంలో ఎక్స్‌రే ఫిల్ము చాలాకాలం దిగుమతి సరుకు. ఈ లోటు తీర్చడానికి కేంద్రప్రభుత్వం ఉదకమండలంలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను 1960లో స్థాపించింది. ఫ్రాన్సుకు చెందిన బోషే సంస్థ సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. నీలగిరుల చల్లని, ధూళి తక్కువైన గాలి పూతపనికి అనుకూలం. ‘ఇందు’ అన్న పేరుతో వెలువడిన సరుకులో ఎక్స్‌రే ఫిల్ము, సినిమా ఫిల్ము, బ్రోమైడ్ కాగితం ఒకే కప్పు కింద తయారయ్యాయి. వైద్యానికీ చిత్రకళకూ వాడే ఫిల్ములు పుట్టుకలో ఎంత దగ్గరివో ఈ కర్మాగారమే చూపుతుంది. 1990లలో సంస్థ ఖాయిలా పడింది, తరువాత మూతపడింది.

వాడిన ఎక్స్‌రేల గతి వేరు. తెలుగు ఊళ్లలో సూర్యగ్రహణం నాడు పాత ఎక్స్‌రేను కంటికి అడ్డం పెట్టుకొని చూసే అలవాటు ఉంది. కంటివైద్యులు దీనిని వారిస్తూనే ఉంటారు. ఆసుపత్రులలో పేరుకున్న ఫిల్ములు వెండి కోసం అమ్ముడుపోతాయి. రెండు పూతల వెండి గిట్టుబాటు సరుకే. వెండి ఔన్సు ధర 1980 జనవరిలో 50 డాలర్ల చేరువకు వెళ్లినప్పుడు ఫిల్ము ధరలు ప్రపంచమంతటా కదిలాయి. డిజిటల్ రేడియోగ్రఫీ విస్తరించాక ఎక్స్‌రే ఫిల్ము తయారీ కూడ కుదించుకుపోతున్నది. చౌకగా దొరుకుతుందన్న ఆధారం మీద నిలిచిన ప్రయోగానికి ఆ ఆధారమే సన్నగిల్లుతున్నది.

ఈ ప్రయోగాల నెగటివులు ఇకముందు భాండారాలకు చేరతాయి. అప్పుడు వాటిని గుర్తించవలసినవారికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. ఆధారం లేతనీలం, రెండు వైపులా పూత ఉన్నందున ఏ వైపూ గాజులా మెరవదు, గీతలు రెండు తలాల మీదా ఉంటాయి, పెద్ద షీటు నుంచి కోసినదైతే అంచులు వంకరగా, మూల గుర్తులు లేకుండా ఉంటాయి. ఒక వైపు పూత కరిగించి తీసివేసినదానిని మామూలు ఫిల్ముగా పొరబడే ప్రమాదం ఉంది. నీలి ఛాయే అక్కడ మిగిలే గుర్తు. నెగటివును దాచే కాగితపు సంచి మీద తేదీ, స్థలం, వ్యక్తి పేరుతో పాటు ఫిల్ము రకం, అది నీలికి స్పందించేదా ఆకుపచ్చకు స్పందించేదా, డెవలపరు ఏది అన్న మూడు వివరాలు కూడ నమోదు కావాలి. ఆ మూడూ లేకపోతే నూరేళ్ల తరువాత ఆ చిత్రంలోని నల్లబొట్టు రంగేమిటో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.